వంతెన నుయ్యి, ఒకటో నెంబరు

పిల్లపాయ వంతెనకి కాళ్ళెన్నని ఎవర్నడిగినా అయిదంటారు. ఇంజినీర్లూ అయిదే అంటారు, బస్సు డ్రైవర్లూ అయిదే అంటారు. ఆరని చెప్పగలిగినవాణ్ణి ఈ తాలూకా మొత్తానికి నేనొక్కణ్ణే మిగిలాను. ఆ ఆరోదానికి నెంబరు వేసిన రోజున నేనక్కడే ఉన్నాను. కళ్ళారా చూశాను. నా మాట మీద నమ్మకం లేనివాళ్ళు ఇక్కడే పుస్తకం మూసేసి పడుకోవచ్చు, నాకేం కోపం రాదు.

అప్పట్లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన లేస్తోంది. మాది దాని కాలిగోటికి చాలదు. పెద్దరోడ్డు పిల్లపాయని దాటడానికి ఎప్పుడో వేసిన వంతెన. అయినా ఎంత వంతెనకైనా నీళ్ళలో కాలు నిలబెట్టే పద్ధతి ఒకటే. ముందు ఇటుకలతో గుండ్రంగా గోడ కడతారు. లోపల ఇసక తవ్వి తీస్తుంటే ఆ గోడ తన బరువుకి తనే కిందికి దిగుతుంది. గట్టి నేల తగిలాక లోపలంతా నింపేసి, దాని మీద కాలు లేపుతారు. చూడ్డానికి నుయ్యిలా ఉంటుంది కాబట్టి వంతెనల పనివాళ్ళు ఆ పునాదుల్ని నూతులనే అంటారు. ఊళ్ళోవాళ్ళకేమో నుయ్యంటే నీళ్ళు తోడుకునేదే. ఈ కథంతా ఆ ఒక్క మాట చేసిన అల్లరి.

వంతెనకి ఈ చివర, గట్టు మీద, ఒక మంచినీళ్ళ నుయ్యి ఉండేది. కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు. వంతెన పక్కనే ఉంది గనక అందరూ వంతెన నుయ్యి అనేవారు. అనడం వరకూ అందరూ అనేవారు. తోడడం మాత్రం అందరికీ కాదు.

మా ఏటిగట్టుపాలేనికి మునసబు భీమరాజు గారు. పెద్ద మీసాలు, వాటికంటే పెద్ద ఆశలు. ఆ యేడు ఆయనా బావమరిదీ కలిసి ఊళ్ళో ధాన్యం ఆడించే ఆవిరి మిల్లు పెడుతున్నారు. దాని బాయిలరు ఓడ మీద కాకినాడకొచ్చి, కాలవల వెంట పడవెక్కి, పాయకి అవతల రేవులో దిగి కూర్చుంది. ఏనుగంత ఇనప పీపా. చూడ్డానికి మూడూళ్ళవాళ్ళు చద్ది మూటలు కట్టుకుని వెళ్ళొచ్చారు. ఇక ఎడ్లు కట్టి వంతెన మీంచి లాగించడమే తరవాయి. అయితే ఆ వానాకాలం గోదావరికి పెద్ద వరదొచ్చి పోయింది. వంతెన అడుగు చూడకుండా అంత బరువు ఎక్కించకూడదని పైనుంచి ఆజ్ఞ వచ్చింది.

ఆ కబురు రోడ్డు మేస్త్రి మునసబు గారి అరుగు ముందు నిలబడి ఒప్పజెప్పాడు. "ఓవర్సీరు గారు ఎల్లుండొస్తున్నారండి. వంతెన నూతులు చూస్తారంటండి. చుట్టూ చెత్తాచెదారం తీయించి ఉంచమన్నారండి. బాగా మునిగేవాణ్ణొకణ్ణి కుదర్చమన్నారండి."

మునసబు గారు మీసం సవరించుకున్నారు. "నుయ్యి అన్నారా, నూతులు అన్నారా?"

"నూతులనే అన్నారండి."

"మనకున్నది ఒకటేగదరా! సరేలే. గౌరవానికి అలా అనుంటారు."

ఇంకేముంది, ఊరికి పండగొచ్చింది. నూతి గట్టు కడిగి సున్నం కొట్టారు. గిలక స్తంభాలకి మామిడాకులు కట్టారు. మునిగేవాడంటే పూడిక తీయడానికే అనుకుని, చేపలు పట్టే గంగయ్యకి కబురెట్టారు. మునసబు గారైతే నూతిలోకి తొంగిచూసి తన మీసాలు నీళ్ళలో సరిగ్గా కనబడుతున్నాయో లేదో కూడా చూసుకున్నారు.

ఆ సాయంత్రం దీనమ్మ కుండ పట్టుకుని వచ్చింది. ఈమె ఊరికి ఎడంగా ఉన్న పేటలో ఉండే లాజరు భార్య. నెలలు నిండి, కుండ చంకన పెట్టుకోవడానికి చోటు లేక నెత్తిన పెట్టుకుంది. పేట వాళ్ళు కిరస్తానం పుచ్చుకున్నా ఆ నూతి దగ్గర వాళ్ళ పాత పద్ధతి మారలేదు. గట్టుకి దూరంగా కుండ పెట్టుకుని నిలబడాలి. ఊళ్ళో ఆడవాళ్ళలో ఎవరికైనా మనసొస్తే పైనుంచి పోస్తారు. రాకపోతే పాయ నీళ్ళే గతి. వరద తరవాత పాయ నీళ్ళంటే బురద. పేటలో చాలామంది పిల్లలకి అప్పటికే కడుపులు కదిలిపోతున్నాయి.

తలారి కర్ర అడ్డం పెట్టాడు. "సర్కారు వారు నుయ్యి చూడ్డానికొస్తున్నారు. వాళ్ళొచ్చి వెళ్ళేదాకా మీరెవరూ ఇటు రాకూడదు."

"నేను తోడనుగదండీ. ఎవరైనా పోస్తారేమోనని నిలబడతాను."

"నిలబడితే నీడ పడుద్ది."

దీనమ్మ తన నీడ వైపు చూసింది. వాలిన ఎండకి అది పొడుగ్గా సాగి, అప్పుడే కొట్టిన సున్నం మీదికెక్కి కూర్చుంది.

"అది నా మాట వినదండి. నాకంటే ముందే ఎక్కేసింది," అంది.

తలారికి నవ్వొచ్చింది గానీ కర్ర తియ్యలేదు. దీనమ్మ మెల్లిగా పాయలోకి దిగి, పైటచెంగు కుండ మూతికి కట్టి, ఆ బురదనీళ్ళే వడగట్టుకుని పోయింది. గట్టెక్కేటప్పుడు ఒకసారి ఆగి, గిలక వంకా మామిడాకుల వంకా చూసింది. "దేవుడొస్తున్నాడో, దొరొస్తున్నాడో," అంది ఎవరితోనూ కాకుండా.

వచ్చింది దొరా కాదు, దేవుడూ కాదు. వీరబ్రహ్మం గారని బక్కపల్చటి మనిషి. నల్ల గొడుగు, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పంచె, వెనక తారు డబ్బా మోసుకుంటూ బంట్రోతు. బండి దిగీ దిగకుండానే, "వంతెన నూతులు ఏవండీ?" అన్నారు.

"చిత్తం, ఇదేనండి," అని మునసబు గారు రెండు చేతులూ చాపి నుయ్యి చూపించారు, పెళ్ళికూతుర్ని చూపించినట్టు.

ఓవర్సీరు గారు మామిడాకుల్ని చూశారు. సున్నం చూశారు. మునసబు గారి మొహం చూశారు. ఏదో అనబోయి, నూతిలోకి వంగి, అలాగే ఉండిపోయారు. లోపలి ఇటుకలు మామూలు ఇటుకలు కావు. వంపు తిరిగి, ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.

"ఇవి మా ఇటుకలే!" అన్నారు తల ఎత్తి. "వంతెన కట్టేటప్పుడు మొదట దించిన నుయ్యి గట్టు మీద వదిలేసి, వంతెనని పక్కకి జరిపారని మా పెద్ద మేస్త్రి చెప్పేవాడు. అది ఇదేనన్నమాట. చూడండి మునసబు గారూ, వంతెన నూతులన్నిటికీ ఇవాళ నెంబర్లు వేయాలి. ఇది మా లెక్కలో లేదు. ఊరిదేనంటారా, వదిలేస్తాను."

మునసబు గారికి ఇందులో సగం అర్థం కాలేదు. వదిలేస్తాననే మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. "అబ్బెబ్బే, వదిలేస్తారా! ఇది అచ్చంగా వంతెన నుయ్యేనండి. మా నాన్నగారి నాటి నుంచీ పేరదే. అసలు ఒకటో నెంబరు దీనికే వేయాలి."

"ఇందరి ముందూ అంటున్నారు. తరవాత కాదనరుగదా?"

"నా నోట్లోంచి వచ్చిన మాట వెనక్కి పోవడం ఈ ఊళ్ళో ఎవడూ చూళ్ళేదండి!"

బంట్రోతు తారులో కుంచె ముంచి నూతి గట్టు మీద నిలువుగా ఒక గీత గీశాడు.

"ఇంతేనా?" అన్నారు మునసబు గారు, నీరసంగా.

"ఒకటంటే ఇంతేగదండీ."

"ఇంకాస్త లావుగా గియ్యమనండి. అవతలి గట్టుకి కనపడాలి."

బంట్రోతు చెయ్యి నొప్పెట్టేదాకా గీశాడు. మునసబు గారు తృప్తిగా తలూపి, "ఇక పూడిక తీయించమంటారా?" అన్నారు.

"పూడికేంటండీ? మిగతా నూతులు చూడొద్దూ?"

"మిగతావేవండీ?"

ఓవర్సీరు గారు గొడుగు ముడిచి, దాని కొసతో వంతెన కింద నీళ్ళలోకి చూపించారు. మునసబు గారి చూపు ఆ కొస వెంట వెళ్ళి, ఒక్కో కాలునీ తడుముకుంటూ అవతలి గట్టు దాకా పోయి తిరిగొచ్చింది. గౌరవానికి అనలేదని అప్పటికి తెలిసింది. తారు మాత్రం ఆరిపోతోంది.

జనం వంతెన మీదికి పరిగెత్తారు. కింద గంగయ్య పడవ మొదటి కాలుకి ఆనుకుని నిలబడింది. గంగయ్య ఒంటికి ఆముదం రాసుకుని, చెవుల్లో నూనెగుడ్డ దూర్చుకుని, మునగడానికి బరువుగా ఒక రోలుపొత్రం చంకలో పెట్టుకున్నాడు. తాడు పట్టుకోవడానికి అతని భార్య చిట్టెమ్మ కూర్చుంది. ఒకసారి గుంజితే ఇటుక గట్టిగా ఉన్నట్టు, రెండుసార్లు గుంజితే సందులున్నట్టు, ఊరికే వణికిస్తే పైకి లాగమన్నట్టు. అదీ వాళ్ళ ఒప్పందం.

"బాబుగారండి, నేను మునిగానంటే ఇది వంట చేసి, పులుసు దించి, కేకేసేదాకా పైకి రానండి," అన్నాడు గంగయ్య.

"ఆయ్, నిజవేనండి," అంది చిట్టెమ్మ ముడి బిగిస్తూ. "పులుసు వాసన తగిలితే గానీ ఏ పనిలోంచీ లేవడండి."

"నీళ్ళు ఇంత మురిగ్గా ఉన్నాయి, ఏం కనపడుద్దయ్యా?" అన్నారు ఓవర్సీరు గారు.

"అడుక్కెళ్ళాక కళ్ళతో పనేంటండీ. కావలించుకుని చూస్తానండి, పెళ్ళాన్ని చూసినట్టు."

"నన్నెప్పుడు చూశావులే! దిగు!" అని చిట్టెమ్మ ఒక్క తోపు తోసింది.

నీళ్ళు మూసుకున్నాయి. బుడగలొచ్చాయి. తాడు ఒక్కసారి గుంజింది. పైనున్న జనం హోరుమన్నారు. గంగయ్య లేచి, గాలి పీల్చి, రెండో కాలు దగ్గర మళ్ళీ మునిగాడు. మళ్ళీ ఒక్క గుంజు. "గట్టిదే!" అని వంతెన మీద ఎవరో అరిస్తే, ఆ అరుపు అవతల బాయిలరు దగ్గర ఎడ్లు తోలేవాళ్ళ దాకా పాకింది. వాళ్ళు తొందరపడి కాడులెత్తడం మొదలెట్టారు.

నడిపాయలో ఉన్న కాలు దగ్గర తాడు గుంజలేదు.

చిట్టెమ్మ వేళ్ళ మధ్య తాడు జారుతూ పోయింది. నిట్టనిలువుగా దిగాల్సిన తాడు పక్కకి వాలి, కాలు కిందికే పోతున్నట్టు సాగింది. ఉన్నట్టుండి తాడు వణికింది. ఆమె పడవ అంచుకి కాళ్ళు తన్నిపెట్టి లాగింది. గంగయ్య తల తేలింది. పడవ అంచు పట్టుకుని చాలాసేపు రొప్పాడు.

"కాలు కింద మట్టి లేదండి. నడుం దాకా దూరాను. ఇంకా చోటుంది."

"ఇంకేం చూశావు?"

"వాలుగ చేప ఉందండి. ఈ పడవంత. దాని మీసాలు తగిలి నా వీపు గీసుకుపోయింది. మునసబు గారి మీసాల కంటే..." అని చేతులు బార్లా చాపబోయి, వంతెన మీద మునసబు గారిని చూసి కొంచెం తగ్గించాడు.

పైనుంచి మునసబు గారు అందుకున్నారు. "వీడి మాట నమ్మి బాయిలరు ఆపేస్తారాండీ? నిరుడు మొసలికి పేలు చూశానన్నాడు వీడు! ఎడ్లు అద్దెకొచ్చాయి. ముహూర్తం ఉంది. కట్టమనండి!"

జనం నవ్వారు. అంతా తలోమాటా అనేస్తున్నారు. ఓవర్సీరు గారు గంగయ్య మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. అప్పుడు చిట్టెమ్మ తాడు చుట్టుకుంటూ, "బాబుగారండి, ఈయన కోతలు కోసేటప్పుడు చేతులు చాస్తాడండి. వాలుగకి చాచాడు చూశారా? మట్టి లేదన్నప్పుడు చేతులు పడవ అంచు వదల్లేదండి," అంది.

ఓవర్సీరు గారు నవ్వలేదు. ఒక పొడుగాటి వెదురుగడ తెప్పించి, దాని చివర మూరెడు కర్ర అడ్డంగా కట్టించారు. కాలు గోడకి ఆనించి, అడ్డకర్ర ఆ గోడ వెంబడే ఉండేలా గడని అడుగు దాకా దించి, "మునసబు గారూ, ఇలా రండి," అన్నారు. పడవలో ఎక్కించి గడ ఆయన చేతికే ఇచ్చారు. "కాలు వైపు తిప్పండి. నేలుంటే కర్ర తిరగదు."

మునసబు గారు గట్టిగా అడ్డుకుంటుందనుకుని రెండు చేతులా బలం పెట్టారు. గడ మజ్జిగలో కవ్వంలా తిరిగింది. ఆయన ముందుకి తూలి, చిట్టెమ్మ భుజం పట్టుకుని నిలదొక్కుకున్నారు. మళ్ళీ తిప్పారు, ఈసారి మెల్లిగా. అడ్డకర్ర వంతెన కాలు కిందికి పూర్తిగా వెళ్ళి, ఏదీ తగలకుండా ఇటొచ్చింది. ఆయన తలెత్తి వంతెనని చూశారు. దాని మీద నిలబడ్డ తన ఊరిని చూశారు. అవతల కాడులెత్తిన ఎడ్లని చూశారు.

"దిగండర్రా!" అన్నారు. రెండు చేతులూ ఎత్తి మళ్ళీ అరిచారు. "అందరూ దిగండి! ఎడ్లు విప్పమనండి!"

గట్టు మరమ్మత్తుకని సర్కారు పోయించిన రాళ్ళు ఈ ఒడ్డునే కుప్పగా ఉన్నాయి. గోనెల్లో ఇసక నింపి ఆ బోలులో కూరాలి, పైన రాళ్ళు పేర్చాలి. ఊరి పాలేర్లందరూ కోతల్లో ఉన్నారు. రాళ్ళెత్తే చేతులు కావాలంటే పేటకి పోవాలి. తలారే పరిగెత్తాడు, కర్ర ఎక్కడో మర్చిపోయి.

పేట మొత్తం కదిలొచ్చింది. లాజరు రాళ్ళకుప్ప దగ్గర తలగుడ్డ విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. "మోస్తామండి. మా పిల్లలూ ఈ వంతెన మీదే నడుస్తారు. అయితే ఈ ఎండలో దాహమేస్తే ఏంటండీ దారి?"

"పక్కనే నుయ్యుందిగదయ్యా," అన్నారు ఓవర్సీరు గారు.

రాయెత్తబోయిన చేతులు ఎక్కడివక్కడ ఆగాయి. లాజరు నేల చూశాడు. మునసబు గారు గొంతు సవరించుకుని, "అది ఊరి నుయ్యండి," అన్నారు.

"పొద్దున వంతెన నుయ్యన్నారే?"

"పేరు అలాగేనండి, కానీ..."

"ఒకటో నెంబరు దానికే వేయాలన్నారే? లావుగా వేయించారే?" ఓవర్సీరు గారి గొంతు మెత్తగానే ఉంది. "వంతెన నుయ్యి వంతెన పనివాళ్ళది. ఈ రోడ్డు మీద నడిచే వాళ్ళందరిదీ. కాదు, ఊరిదేనంటారా, నేను పొద్దున పొరపడ్డానని బండెక్కుతాను. బాయిలరు అవతలే ఉంటుంది. చెప్పండి."

అందరూ మునసబు గారి నోటి వైపు చూశారు. అందులోంచి వచ్చిన మాట వెనక్కి పోవడం ఎవరూ చూళ్ళేదని పొద్దుటే విన్నారు మరి.

మునసబు గారు మెల్లిగా నడిచి నూతి దగ్గరికెళ్ళారు. తారు గీత వంక చూశారు. కుండ పట్టుకుని మామూలు దూరంలోనే నిలబడ్డ దీనమ్మని చూశారు. వంగి, గట్టు మీదున్న చేద తీసి, ఆమె చేతికందించారు. "తోడుకో అమ్మా," అన్నారు.

దీనమ్మ గట్టెక్కింది. ఈసారి నీడా, తనూ కలిసే ఎక్కారు. చేద వదిలింది. గిలక కిర్రుమంది. పైకొచ్చిన నీళ్ళు ముందు దోసిట్లో పోసుకుని, గుటక గుటకకీ కళ్ళు మూసుకుంటూ తాగింది. ఆ నీళ్ళు తాగినవాళ్ళలో నేనూ ఉన్నాను. నమ్మరా? ఆ వారంలోనే పుట్టాను. దీనమ్మ మా అమ్మ. కళ్ళారా చూశానన్నాను గానీ, కళ్ళు ఇంకా తెరవలేదు లెండి. అయినా నాకంటే దగ్గరగా ఉన్న సాక్షిని ఎవర్నైనా చూపించండి, ఒప్పుకుంటాను.

పని రెండ్రోజులు నడిచింది. గంగయ్య అడుగున గోనెలు కూరాడు. పేట వాళ్ళు పడవల్లోంచి రాళ్ళు దించారు. ఓవర్సీరు గారు అడ్డకర్ర గడ దించి, తిప్పి చూశారు. కదల్లేదు. అప్పుడు కాలు మీద నీటిమట్టానికి సరిగ్గా సున్నపు గీత గీయించి, తను గొడుగు పట్టుకుని పడవలో ఆ గీత పక్కనే కూర్చున్నారు. "ఇక తోలమనండి. దిగితే ముందు నాకే తెలుస్తుంది," అన్నారు. ఆ మాట అన్నప్పుడు గంగయ్య కూడా కోతలు మానేసి ఆయన పక్కకెళ్ళి కూర్చున్నాడు.

ఎడ్లు మెడలు వంచాయి. ఇనప చక్రాలు వంతెన ఎక్కాయి. అడుగున రాళ్ళు పళ్ళు నూరినట్టు మూలిగాయి. బాయిలరు నడిపాయ మీదికొచ్చింది. కింద ఓవర్సీరు గారు వేలు గీత మీద పెట్టి కళ్ళార్పకుండా చూస్తున్నారు. నీళ్ళు గీతని తాకాయి, తాకి వెనక్కి తగ్గాయి. గీత కదల్లేదు. "నిలబడింది!" అని గంగయ్య వేసిన కేక ఆత్రేయపురం దాకా వినపడిందంటారు. అన్నది గంగయ్యేననుకోండి. మునసబు గారు పూలదండ బాయిలరుకి వేయబోయి, ఆ సంబరంలో లాజరు మెడలో వేసేశారు. వెనక్కి తీసుకోవడానికి మొహమాటపడ్డారు.

ఓవర్సీరు గారి బండి మలుపు తిరిగిన మర్నాడే తలారి నూతి గట్టెక్కి తారు గీత గీకడం మొదలెట్టాడు. పలుగుతో గీకాడు, ఇసకతో తోమాడు. పోలేదు. మరీ లావుగా వేయించారుగదా. ఆ గీత ముందు నిలబడి పేట ఆడవాళ్ళని కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. మా అమ్మ నాకు నడక నేర్పింది ఆ గీత పట్టించే.

ఇంతా చెప్పాక ఒక్క సంగతి దాచుకోవడం నాకిష్టం లేదు. ఇందులో ఒకటి నేను కల్పించాను. వాలుగేనని మీరు అనుకుంటున్నారు, కాదు. చేద మునసబు గారు అందించారని రాశాను చూడండి, అదే కల్పన. ఆయన ఆ వేళ ఔననలేదు, కాదనలేదు. అటు తిరిగి ఎడ్లని చూస్తూ నిలబడ్డారు. అందిస్తే బాగుండేదని నేనే ఆయన చేత ఇన్నేళ్ళుగా అందిస్తున్నాను.

మా అమ్మ బతికున్నన్నాళ్ళూ, నేనీ కథ చెబుతూ ఈ చోటుకొచ్చేసరికి చేతిలో ఏముంటే అది నా మీదికి విసిరేది. "ఆయనెవర్రా ఇవ్వడానికి? చేద నేనే తీసుకున్నాను!"

వాలుగ మాత్రం నిజమండి. ఆయ్.